ఒకరికి కాదు, ఇంటిల్లిపాదికీ మందు

మన యిళ్ళలో జ్వరం వచ్చినవాడికి వున్న మర్యాద గజ్జి వచ్చినవాడికి లేదు. జ్వరమంటే పక్కింటివారు కూడా వచ్చి నుదురు తాకి చూసి, కాస్త జావ కాచి యిచ్చి పోతారు. ఒళ్ళు దురద అంటే మాత్రం రోగి తానే తలుపు చాటుకు పోతాడు. మన భాష సంగతి చూడండి: ఎవరినైనా తీసిపారేయాలంటే 'గజ్జికుక్క' అంటాం; కులాభిమానం ముదిరినవాడికి 'కులగజ్జి' పట్టిందంటాం. తిట్టుగా మారిపోయిన జబ్బు పేరు వైద్యుడి యెదుటనైనా చెప్పడానికి నోరు రాదు గదా! అందుకే నా దగ్గరకు వచ్చేవారు ముందు దగ్గు గురించీ, నడుం నొప్పి గురించీ సావకాశంగా చెప్పి, లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంకొకటున్నది డాక్టర్ సాబ్..." అని మొదలుపెట్టేవారు. అసలు వచ్చింది ఆ యింకొకదాని కోసమే.

ధర్మపురిలోనూ, చుట్టుపట్ల పల్లెల్లోనూ ముప్ఫై యేళ్ళకు పైగా వైద్యం చేసినవాణ్ణి. ఈ వూరు పూర్వం కరీంనగర్ జిల్లాలో వుండేది. 2016 నుంచి జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. గోదావరి యిక్కడ దక్షిణంగా మళ్ళి పారుతుంది. నరసింహస్వామి, రామలింగేశ్వరుడు, వారితోపాటు యమధర్మరాజు కూడా గుడి కట్టించుకుని కొలువున్న వూరు. ఫాల్గుణంలో స్వామి ఉత్సవాలకు, కార్తీకంలో నదీస్నానాలకు, 2015లో పుష్కరాలకు వచ్చినట్లు పుష్కరాలకు, జనం తండోపతండాలుగా వస్తారు. అంతమంది ఒకచోట మునిగి, తడిబట్టలతోనే ప్రదక్షిణం చేసి, అవే ఒంటిమీద ఆరబెట్టుకుని బస్సెక్కి పోతారు. భక్తికి నేను అడ్డు చెప్పను. తడిబట్ట మాత్రం తామరకు పుట్టిల్లు సుమండీ! ఒక పొడి పంచె, ఒక పొడి చీర సంచీలో పెట్టుకుని వస్తే స్వామి కాదనడు. తలనీలాలు యిచ్చేచోట మంగలి కొత్త బ్లేడు వేశాడో లేదో చూసుకుంటే మరీ మంచిది.

ముందుగా గజ్జి సంగతి చెబుతాను. దీన్ని యెరగని యిల్లు లేదు. అయినా దీని గురించి తెలియనంత మరే జబ్బు గురించీ మనకు తెలియదు. రక్తం చెడిందనీ, వేడి చేసిందనీ, వంకాయ తిన్నందుకనీ అంటారు. రక్తానికీ వంకాయకూ దీనితో యే సంబంధమూ లేదు. కారణం ఒక పురుగు. పొడవు అర మిల్లీమీటరు కూడా వుండదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ పోతూ, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఇటలీలో బొనోమో అనే వైద్యుడు 1687లోనే సూక్ష్మదర్శినిలో దాన్ని చూసి, బొమ్మ గీసి లోకానికి చూపించాడు. అయినా రక్తదోషమనే మాట ఆ దేశాల్లో మరి నూటయాభై యేళ్ళు బతికింది. మన వూళ్ళలో యిప్పటికీ బతికే వుంది.

వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద, చంకల్లో, బొడ్డు చుట్టూ, మర్మస్థానాల్లో చిన్న చిన్న పొక్కులు. రాత్రి పక్క యెక్కగానే నిద్ర పట్టనివ్వని దురద. ఇంట్లో మరొకరికి కూడా అదే వరస. ఇవి మూడూ కలిస్తే అది గజ్జేనని ముప్పాతిక వంతు రూఢి చేసుకోవచ్చు.

కష్టమంతా మందు దగ్గర కాదు, మనుషుల దగ్గర వస్తుంది. ఒకసారి యెనిమిదిమంది వున్న కుటుంబం వచ్చింది. ముగ్గురు పిల్లలు, వాళ్ళ తల్లి, మేనత్త గోక్కుంటున్నారు. ఎనిమిదిమందికీ మందు రాసి యిచ్చాను. ముసలమ్మ చేత్తో పక్కకు తోసేసింది.

"నాకేం గోకుడు లేదు బిడ్డా. పోరగాండ్లకు రాయి సాలు. పైసలెందుకు దండుగ?"

"అవ్వా, నీ పక్కల ఎవరు పండుతరు?"

"చిన్న మనుమడు. వాడు నన్నిడిసి ఉండడు."

"వాని చేతులు చూసినవా?"

చూసింది. కాని తనకు దురద లేదు గదా అన్న మాట మాత్రం వదలలేదు. ఆమె తర్కంలో తప్పేమీ లేదు; శరీరం సంగతే వింతగా వుంటుంది. మొదటిసారి గజ్జి పురుగు సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఒంటిమీద పురుగులు వున్నా తెలియదు, కాని పక్కనున్నవారికి అంటుతూనే వుంటాయి. దురద వున్న ఐదుగురికీ మందు రాసి, లేని ముగ్గురినీ వదిలిపెడితే, నెల తిరక్కుండా ఆ ముగ్గురి దగ్గరనుంచి మళ్ళీ ఐదుగురికీ వస్తుంది. అప్పుడు మందు పనిచేయలేదంటారు, డాక్టరును మారుస్తారు. ఆ ముసలమ్మకు చివరకు నచ్చింది యీ శాస్త్రం కాదు. "నువ్వు పూసుకోకుంటే మనుమణ్ణి నీ పక్కల పండనియ్యొద్దు" అన్నాను. ఆ రాత్రే పూసుకుంది.

పూసే పద్ధతి చెబుతాను. పెర్మెత్రిన్ అయిదు శాతం క్రీము ఈనాడు అన్నిచోట్లా దొరుకుతుంది. పొక్కులు వున్నచోట మాత్రమే రాస్తే లాభం లేదు. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డులో, మరుగు భాగాల్లో, ఒక్క అంగుళం వదలకుండా రాత్రి పడుకునే ముందు రాసి, పొద్దున స్నానం చేయాలి. నడుమ చేతులు కడుక్కుంటే అక్కడ మళ్ళీ రాయాలి. వారం రోజుల తరువాత మరొకసారి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. ఇదే అన్నిటికంటె ముఖ్యం. చంటిపిల్లలకు తలకూ ముఖానికీ కూడా రాయవలసి వుంటుంది, అది డాక్టరును అడిగి చేయాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా వున్నాయి, కాని గర్భిణులకూ, చిన్నపిల్లలకూ వాటిని యివ్వరు. మందు పూసిన తరువాత కూడా రెండు మూడు వారాలు దురద వుంటుంది. పురుగు చచ్చినా దాని తాలూకు పొట్టు చర్మంలో వుంటుంది మరి. అంతమాత్రాన రోజూ పూస్తూ పోకూడదు.

బట్టలు వేడినీళ్ళలో వుతికి యెండలో వేస్తే సరి. ఉతకలేని బొంతలు మూటగట్టి మూడు రోజులు పక్కన పెడితే పురుగు తానే చస్తుంది. దుప్పట్లను తగలబెట్టేవారిని కూడా చూశాను. అంత పని అక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో, కెన్నెత్ మెలన్బీ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి తేల్చాడు. యుద్ధంలో చేరడానికి మనస్సాక్షి ఒప్పుకోని యువకులు కొందరు ఆయన ప్రయోగానికి ఒళ్ళు అప్పగించారు. గజ్జి సైనికులు వాడిన దుప్పట్లలో వారిని పడుకోబెట్టి చూస్తే, బహు కొద్దిమందికే అంటింది. రోగితో ఒకే పక్క పంచుకున్నప్పుడు మాత్రం సులువుగా అంటింది. గజ్జికి వాహనం దుప్పటి కాదు, మనిషి ఒళ్ళే. తల్లి ఒడిలో పిల్ల, అవ్వ పక్కలో మనుమడు: మన ప్రేమలన్నీ దానికి దారులే.

దీన్ని చిన్న జబ్బు అని వదిలేయకూడదనడానికి ఒక కారణం వుంది. గోకి గోకి పుండ్లయి చీము పట్టినప్పుడు, ఆ చీము క్రిముల వల్ల కొందరు పిల్లలకు మూత్రపిండాలు వాస్తాయి. గజ్జిపుండ్లు వున్న పిల్లవాడికి పొద్దున లేవగానే ముఖం ఉబ్బినా, మూత్రం టీ రంగులో వచ్చినా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చడానికి యిది కూడా ఒక కారణమే.

ఇక తామర. ఇది పురుగు కాదు, బూజు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే యేమవుతుందో, గజ్జల్లో, నడుం చుట్టూ, రొమ్ముల కింద చెమట నిలిస్తే అదే అవుతుంది. గుండ్రంగా, అంచు యెర్రగా లేచి, నడుమ మానినట్లు కనబడుతూ, అంచులు జరిపి పొలం దున్నుకునే దాయాదిలా రోజుకింత పెరుగుతుంది. పూర్వం మా చిన్నతనంలో దీనికి యేదో పూత మందు పెడితే పోయేది. నోటి ద్వారా యిచ్చే మొదటి మందు గ్రీసియోఫుల్విన్ 1958 తరువాత వాడుకలోకి వచ్చింది. దానితో చాలాకాలం గడిచింది. పది పదిహేనేళ్ళుగా మాత్రం తామర తీరు మారిపోయింది. ఇంటికొకరికి వచ్చేది ఇంటిల్లిపాదికీ వస్తోంది. రెండు వారాల్లో పోయేది రెండు నెలలైనా పోవడం లేదు. మన దేశంలో యెక్కువగా కనబడుతున్న ఒక కొత్తరకం బూజుకు శాస్త్రజ్ఞులు 2020లో పేరు పెడుతూ మన దేశం పేరునే కలిపి 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అన్నారు. గర్వించదగిన కీర్తి కాదు. టెర్బినాఫిన్ అనే మంచి మందుకు అది చాలా సందర్భాల్లో లొంగడం లేదు.

ఎందుకిలా జరిగింది? కారణాలు కొన్ని వున్నాయి కాని, నేను కళ్ళారా చూసింది ఒకటే: ట్యూబు.

మా ప్రాంతం నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవారు ప్రతి పల్లెలోనూ వున్నారు. గదికి పదిమంది పడుకునే చోట, యెండలో పన్నెండు గంటలు బిగుతు ప్యాంటు వేసుకుని పనిచేసే కుర్రవాడికి గజ్జల్లో తామర రావడంలో వింత లేదు. సిగ్గుపడి యెవరికీ చెప్పడు. పక్క మంచం వాడు ఒక ట్యూబు యిస్తాడు. పూసిన రెండో రోజుకే దురద మాయం! సెలవుకు ఇంటికి వస్తూ నాలుగు ట్యూబులు తెచ్చుకుంటాడు. నెల తిరిగేసరికి భార్యకు నడుం దగ్గర, తల్లికి చంకలో, పిల్లవాడికి చెంపమీద. నలుగురూ అదే ట్యూబు పూసుకుంటారు.

"డాక్టర్ సాబ్, గీ మందు పెడితే రెండు దినాలల్ల తక్కువైతది. ఇడిసిపెడితే మల్ల లేస్తది. అంతకన్న ఎక్కువ లేస్తది."

ఆ మాటలోనే రోగనిర్ణయమంతా వుంది. ఆ ట్యూబులో బూజు మందుతోపాటు స్టెరాయిడ్ కూడా కలిపి వుంటుంది. స్టెరాయిడ్ దురదను అణచివేస్తుంది, యెరుపును తగ్గిస్తుంది. బూజుతో పోరాడుతున్న మన చర్మం చేతులు కట్టేస్తుందన్నమాట. దొంగను చూసి మొరుగుతున్న కుక్క నోరు కట్టేస్తే ఇంట్లో నిశ్శబ్దంగానే వుంటుంది. దొంగ మాత్రం లోపలే వుంటాడు. కొన్నాళ్ళకు తామర రూపం కూడా మారిపోయి, వైద్యుడే పోల్చుకోలేని తీరుగా అవుతుంది. గజ్జల్లో చర్మం పలచబడి, బాలింత పొట్ట మీది చారల వంటి చారలు పడతాయి. అవి జన్మలో పోవు. ఇరవైరెండేళ్ళ కుర్రవాడి తొడలు చూసి నాకే నోట మాట రాలేదు.

కేంద్ర ప్రభుత్వం 2018లో చర్మానికి పూసే స్టెరాయిడ్లను షెడ్యూలు హెచ్‌లోకి చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. చట్టం అలా వుంది. మందుల దుకాణంలో సంగతి పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి ట్యూబు మీది చిన్న అక్షరాలను మీరే చదవండి, లేదా చదువుకునే పిల్లలచేత చదివించండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్: ఈ పేర్లలో యేది వున్నా, తామర మీద పూయకండి. ఇవి చెడ్డ మందులని నేను అనడం లేదు. ఎగ్జిమాకు, మరికొన్ని జబ్బులకు, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే గొప్ప మందులే. కత్తి వంటింట్లో వుంటే కూర తరుగుతాం, పిల్లవాడి చేతిలో వుంటే భయపడతాం, అంతే తేడా.

ఇదే మందు మరొక వేషంలో ఆడపిల్లల గదుల్లోకి కూడా వచ్చింది. 'తెల్లబడే క్రీము' అని పెళ్ళికి ముందు ఆరు నెలలు ముఖానికి పూస్తారు. వాటిలో కొన్నింట మొమెటసోన్, హైడ్రోక్వినోన్ వగైరాలు కలిసి వుంటాయి. మొదటి నెల ముఖం నిగనిగలాడుతుంది. తరువాత యెండలోకి పోతే మంట, మొటిమలు, సన్నని యెర్రటి నరాలు, పై పెదవి మీద నూగు వెంట్రుకలు. మానేస్తే ముఖం మండిపోతుందని మానలేరు. మంగుమచ్చలకు వాడినవారి గతీ యింతే. నల్లగా వున్న పిల్లకు ఆరోగ్యమైన చర్మం వుంటే, దానికి ఏ క్రీమూ అక్కరలేదని ఆమె తల్లిదండ్రులకు చెప్పీ చెప్పీ నా గొంతు ఆరిపోయింది.

తామరకు సరైన మార్గం విసుగు పుట్టించేది, కాని వేరే మార్గం లేదు. బూజు మందు ఒక్కటే వున్న క్రీమును మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ మేర రాయాలి. డాక్టరు మాత్రలు రాసిస్తే చెప్పినన్ని వారాలు, అది ఆరువారాలైనా ఎనిమిదివారాలైనా, మింగాలి. మచ్చ పోయిన తరువాత కూడా రెండు వారాలు పూత ఆపకూడదు. తువ్వాలు ఎవరిది వారికే. లోబట్టలు తిరగేసి యెండలో ఆరవేయాలి. మొలతాడు మాట కూడా చెప్పాలి: యేళ్ళ తరబడి నానుతూ ఆరుతూ నడుంకు అంటుకుని వున్న మొలతాడు కింద తామర దాక్కుంటుంది. తీసేయమంటే పెద్దలకు కోపం వస్తుంది. మందు వాడినన్నాళ్ళూ తీసి, తరువాత కొత్తది కట్టుకోమంటే ఒప్పుకున్నారు.

దురదలన్నీ అంటువ్యాధులు కావని కూడా తెలుసుకోవాలి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సబ్బుతో వేళ్ళు పగిలిన ఇల్లాళ్ళకు యెవరి దగ్గరనుంచీ యేదీ అంటలేదు. చేతులు తడి తుడుచుకుని వెంటనే కొబ్బరినూనె గాని, వాజలీను గాని రాసుకుంటే సగం నయమవుతుంది. గాజులకు, మంగళసూత్రాలకు గుచ్చే పిన్నీసుల్లోని నికెల్ పడనివారు యెందరో. అంటించుకునే బొట్టుబిళ్ళ జిగురులో వుండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం కొందరికి నుదుటిమీద సరిగ్గా బొట్టంత తెల్లమచ్చ తెస్తుంది. రబ్బరు చెప్పుల పట్టీ ఆకారంలో పాదం మీద మచ్చలు కూడా ఇటువంటివే. బిళ్ళ మానేసి కుంకుమ పెట్టుకోమంటే, "మా అత్త చెప్పిందే మీరు చెప్పిండ్రు" అని నవ్విన కోడలు వుంది.

అడవి దగ్గరి పల్లెల్లో నల్లజీడి గింజను దారానికి గుచ్చి, దిష్టి తగలకుండా పసిపిల్లల మెడలో కడతారు. కొందరు దాని రసాన్ని మోకాలి నొప్పికి చుక్కలు పెడతారు. ఆ రసం నిప్పు వంటిది. నల్లగా కాలి బొబ్బలెక్కుతుంది. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టేది దానితోనే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకు మెడ వెనుక, నడుం దగ్గర వింత పుండ్లు లేచాయి. వైద్యులు తలలు పట్టుకుని చివరకు కనుక్కున్నదేమంటే, ఆ పుండ్లు సరిగ్గా చాకలి గుర్తు తగిలేచోటే వున్నాయి! ఇక పొలం గట్ల మీది వయ్యారిభామ కూడా సామాన్యురాలు కాదు. 1950ల్లో పూనా ప్రాంతంలో మొదట కంటబడిన ఈ పరదేశపు మొక్క దేశమంతా అల్లుకుంది. దాని పుప్పొడి, ఎండు ఆకుల దుమ్ము పడని రైతులకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఏనుగు తోలులా మందమవుతాయి. మందు రాస్తూనే, ఆ మొక్కను చేతులకు తొడుగు లేకుండా పీకవద్దని చెప్పాలి.

రోహిణి కార్తెలో పిల్లలకు పేలే చెమటకాయలకు పౌడరు గుప్పించకండి. చెమట రంధ్రాలు మూసుకుపోవడం వల్లనే అవి వస్తాయి. పైనుంచి మళ్ళీ పూడ్చడమెందుకు? వదులు నూలు బట్ట, రెండు పూటలా చన్నీళ్ళు చాలు. సెగగడ్డలు ఒకటి పోతే ఒకటి వస్తున్న పెద్దవారు మామిడిపండును తిట్టడం మాని చక్కెర పరీక్ష చేయించుకోవాలి. ఒంటికి ఒకే పక్క మంటతో గుంపుగా పొక్కులు లేస్తే సర్పి అని జాజు పూయిస్తారు. పూయించండి, కాదనను; కాని మూడు రోజుల్లోగా డాక్టరు దగ్గరకు వస్తే నొప్పి తగ్గించే అసలైన మందు వుంది. కంటి దగ్గర లేస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఇప్పుడు తెల్లమచ్చల సంగతి. మూడు వేరువేరు జబ్బులను మనవారు ఒకే భయంతో చూస్తారు. వీపు మీద, ఛాతీ మీద సన్నని పొట్టుతో వచ్చే శోభి మచ్చలు ఒక రకం బూజు వల్ల వస్తాయి, సులువుగా పోతాయి. రంగు తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. బొల్లి పాలలా తెల్లగా వుంటుంది. రంగునిచ్చే కణాలు నశించడమే దానికి కారణం. అది అంటదు, చేపలూ పాలూ కలిపి తింటే రాదు. దాన్ని 'శ్వేతకుష్ఠు' అని పిలిచి మన పెద్దలు ఎందరు ఆడపిల్లలకు అన్యాయం చేశారో లెక్కలేదు. మూడోది అసలైన కుష్ఠు. అది పాలలా తెల్లగా వుండదు; పాలిపోయినట్లో, రాగి రంగులోనో వుంటుంది. అక్కడ దురద వుండదు, చెమట పట్టదు, తాకితే తెలియదు. దురద లేని మచ్చను యెవరూ పట్టించుకోరు. అదే దాని ప్రమాదం.

మాకు పడమటగా నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి వుంది. స్కాట్లండు నుంచి వచ్చిన ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు, భర్త జార్జి కెర్‌తో కలిసి 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పింది. అందుకు ధనమిచ్చి ఆదుకున్న దాత హిందువు, రాజా నర్సాగౌడ్. అప్పటికి వున్న వైద్యం చాల్‌మోగ్రా జాతి నూనెను సూదితో ఎక్కించడం. విపరీతమైన నొప్పి, ఫలితం కొంతమేరకే. అయినా వూళ్ళనుంచి వెళ్ళగొట్టబడినవారికి అక్కడ ఒక మంచం, ఒక తోట, ఒక పేరు దొరికాయి. ఆమె 1932లో చనిపోయింది. డాప్సోన్ మాత్రలు వచ్చింది ఆ తరువాత చాలాకాలానికి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని మందులు కలిపి యివ్వాలని చెప్పిన తరువాతనే కుష్ఠు నిజంగా నయమయ్యే జబ్బు అయింది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేలమందికి ఒకరికన్న తక్కువకు దిగింది. దిగింది గాని పోలేదు.

పోలేదని నాకు తెలుసు. పెళ్ళి కుదిరిన ఒక పిల్లను తల్లి నా దగ్గరకు తెచ్చింది. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ. శోభి అనుకుని యేడాదిగా యేదో ట్యూబు పూస్తున్నారు. పిల్లను కళ్ళు మూసుకోమని, దూది పోచతో అక్కడక్కడ తాకుతూ, తాకినచోట వేలు పెట్టి చూపించమన్నాను. "ఈడ... ఈడ... ఈడ..." అంటూ వచ్చింది. మచ్చ మీద తాకినప్పుడు యేమీ అనలేదు. మళ్ళీ తాకాను. పిల్ల కళ్ళు మూసుకునే వుంది. తల్లి కళ్ళు తెరుచుకుని చూస్తోంది. ఆమెకు నేను చెప్పకముందే అర్థమైపోయింది.

"పెండ్లి యెట్ల జేద్దు సారూ?" అంది, గొంతు తగ్గించి.

"అక్కా, మందు మొదలువెట్టిన కొద్ది దినాలకే అంటే గుణం పోతది. ఆర్నెల్లల్ల మందు అయిపోతది. చెయ్యి వంకర వోదు, వేలు వోదు. పెండ్లి ఆపేంత పనేమీ లేదు" అన్నాను. మొగపిల్లవాడి వారికి చెప్పాలా వద్దా అని అడిగింది. అది పిల్ల చెప్పవలసిన మాటనీ, ఆమె యిష్టమనీ అన్నాను. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనను 2019లో పార్లమెంటు తీసివేసింది కాని, పందిట్లోనుంచి లేచిపోయేవారిని యే చట్టం ఆపుతుంది?

పిల్ల తానే ఫోనులో చెప్పింది. నాలుగో రోజు ఆ అబ్బాయి మోటారుసైకిలు మీద వచ్చి నా ముందు కూర్చున్నాడు. అంటుతుందా అన్నాడు, మందు తింటున్న మనిషి నుంచి అంటదన్నాను. పుట్టే పిల్లలకు వస్తుందా అన్నాడు, వంశపారంపర్యం కాదన్నాను. 1873లో నార్వే దేశపు హాన్సెన్ దీని క్రిమిని కనిపెట్టినప్పటినుంచీ ఆ సంగతి తేలిపోయిందని కూడా చెప్పాను. కాసేపు వూరుకుని, "మందు యాడ దొరుకుతది సార్, నేను తెచ్చిస్త" అన్నాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వుచితంగా యిస్తారు, డబ్బుతో పనిలేదు, ఆశా కార్యకర్త ఇంటికి కూడా వస్తుంది అని చెప్పి పంపాను. పిల్ల ఇంట్లోవారందరినీ చూశాం. మచ్చలు లేనివారికి ముందు జాగ్రత్తగా ఒకే ఒక మోతాదు రిఫాంపిసిన్ యిప్పించాం. ఇదీ ఇంటిల్లిపాదికీ మందే.

ఆ మందు తినేవారికి నేను రెండు సంగతులు ముందే చెప్పేవాణ్ణి. రిఫాంపిసిన్ మింగిన రోజు మూత్రం యెర్రగా వస్తుంది. అది రక్తం కాదు. రెండోది, మందు నడుస్తుండగా ఉన్నట్టుండి మచ్చలు వాచి యెర్రబడినా, మోచేతి వెనుక నరం నొప్పి చేసినా, కాలో చెయ్యో పట్టు తప్పినట్లున్నా, మందు పడలేదని మానేయకూడదు. ఆ రోజే ఆసుపత్రికి రావాలి. చచ్చిపోతున్న క్రిముల మీద శరీరం చేసే అల్లరి అది. నరం దెబ్బతినకుండా కాపాడడానికి అప్పుడు మేము యిచ్చేది స్టెరాయిడ్ మాత్రలే. తామర మీద పూసి కొంపలు ముంచుకునే జాతి మందే యిక్కడ చెయ్యి వంకర పోకుండా కాపాడుతుంది. ఈ రెండు సంగతులూ మాత్రల అట్ట వెనుక పెద్ద అక్షరాలతో రాసి మరీ యిచ్చేవాణ్ణి. చదువురానివారు ఇంట్లో పిల్లలచేత చదివించుకునేవారు.